తంగ్‌కుయ్ లేని పొట్లం

చువాన్‌జౌ
1987 డిసెంబరు 6

సోచూకి,

కుశలప్రశ్నలు చివర్లో అడుగుతాను, ముందు అసలు సంగతి. మీ తైవాన్ ప్రభుత్వం జనాన్ని సొంతూళ్ళకు పోనిస్తోందని ఇక్కడ అందరూ చెప్పుకుంటున్నారు. చెప్పుకోవడమేమిటి, మన వీధి చివర తాన్ వాళ్ళింటి పెద్దాయన మొన్న రానే వచ్చాడు. నలభై ఏళ్ళ కిందట ఉప్పు తెస్తానని రేవుకు వెళ్ళి, సైనికుల చేతికి చిక్కి తైవాన్ చేరినవాడు. వీధి వీధంతా ఏడ్చింది గాని ఆయన భార్య మాత్రం గుమ్మంలో నిలబడి, "ఉప్పేదీ?" అంది.

నువ్వు ఏమీ తేనక్కర్లేదు. మనిషివి వస్తే చాలు.

అత్తయ్య పడిపోయింది. పోయిన నెల పెరట్లో అల్లం తవ్వుతూ జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎనభై నాలుగేళ్ళ మీ అమ్మకు పెరట్లో ఏం పనని నన్ను అడక్కు. ఆవిణ్ణి అడిగి నేను తిట్లు తిన్నాను. ఈ వయసులో ఎముక అతకదని డాక్టరు అంటే, "నువ్వు పుట్టకముందు నుంచీ ఎముకలకు కట్లు కడుతున్నా, నాకు చెప్పొచ్చావా" అంది. నోరు తగ్గలేదు, తిండి తగ్గింది. చిలగడదుంప గంజి రెండు గరిటెలు తాగి గిన్నె తోసేస్తోంది. చలికాలం దాటిస్తానన్న ధైర్యం నాకుంది. వచ్చే వేసవి సంగతి నేను చెప్పలేను. దాచి రాయడం నాకు రాదు, నీకు తెలుసు.

నిన్ను రమ్మని ఆవిడ అడగలేదు. నేనే రాస్తున్నాను. ఈ అయిదారేళ్ళుగా హాంకాంగ్ బావ చేత మనం పంపుకున్నవి ఉత్తరాలా? "మేము క్షేమం, మీరు క్షేమమని తలుస్తాము." పెళ్ళి శుభలేఖలో కూడా అంతకంటే ఎక్కువ సంగతులుంటాయి. మీ అన్నయ్య పోయిన సంగతి కూడా నీకు ఒక్క వాక్యంలో రాశాను. అప్పట్లో ఉత్తరాన్ని ఎవరు విప్పి చదువుతారోనని భయం. ఇప్పుడు ఆ భయం లేదు.

నా రాత చూసి నవ్వకు. నువ్వు చిన్నప్పుడే బడికి పోయి దిద్దినదానివి. నాకు ముప్ఫై దాటాక, ఆడవాళ్ళకని వాడలో బడి పెడితే అబ్బిన అక్షరాలివి. అత్తయ్యకు అవి కూడా అబ్బలేదు.

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ పిల్లలు కులాసానా?

నీ వదిన
బీగ్యోక్

---

తైనాన్
1988 జనవరి 10

వదినా,

అమ్మ పడిందని చదివిన పూట పొయ్యి వెలిగించలేదు. నువ్వు దగ్గరుండి చూసుకుంటున్నావు కాబట్టి నాకు కాస్త నిబ్బరం. ఎండిన రొయ్యలు, పలచటి ఉన్ని బనీను బావకు పంపాను, అందుతాయి.

రావడం మాత్రం నా వల్ల కాదు. మోకాళ్ళ సంగతి నువ్వే అడిగావు. పైగా నా చిన్నకూతురు లేహుయ్ మూడోసారి కడుపుతో ఉంది. మొదటి రెండూ నిలవలేదు. సెప్టెంబరులో కాన్పు. దాన్ని వదిలి కదలడానికి మనసొప్పదు.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. మన మందుల కొట్టులో బాలింత మందు ఎలా చేస్తారో రాసి పంపు. బిడ్డ పోయిన రెండుసార్లూ దానికి ఇక్కడి కొట్లో మందే పోశాను. ఒళ్ళు తేరుకోలేదు. నీకు ఆ మందు తెలుసు, నాకు తెలీదు. కోడలికి చెప్పాలి, కూతురికి చెప్పకూడదు, కూతురు పెళ్ళయితే పరాయి ఇంటిది. ఈ నియమం పెట్టినవాళ్ళెవరో నాకు తెలీదు గాని, అమ్మ దాన్ని ఎంత నిష్ఠగా పాటించిందో తెలుసు.

రాయకూడదనుకున్నాను. కలం పట్టాక ఆగడం లేదు.

పెళ్ళయి ఇక్కడికొచ్చిన రెండో ఏడు, 1949లో, నా మొదటి బిడ్డ పురిట్లోనే పోయాడు. ఒళ్ళు పచ్చిగా ఉండగానే అమ్మకు ఉత్తరం రాశాను, నన్ను తీసుకుపో, లేదంటే నేనే పడవెక్కి వచ్చేస్తానని. జవాబుగా పడవవాడు ఏం తెచ్చాడు? మందు పొట్లం. దాంతో మాటా లేదు, మంచీ లేదు. సరే, అమ్మకు రాయడం రాదు కదా, మందులోనే అంతా ఉందనుకున్నాను. మా అత్తగారు ఊరుకోకుండా దాన్ని వీధిలో మందుల కొట్టుకు తీసుకెళ్ళి చూపించింది. ఆ ముసలాయన పొట్లం విప్పి, వేలితో కెలికి, నలుగురి ముందూ అన్నాడు: "కాల్చిన అల్లం ఉంది, అతిమధురం ఉంది, కుసుమ పూలున్నాయి. తంగ్‌కుయ్ వేరు ఏదమ్మా? అది లేని బాలింత మందు బియ్యం లేని గంజే. మీ పుట్టింటివాళ్ళు మరిచిపోయినట్టున్నారు."

మరిచిపోలేదని నాకు తెలుసు. బయటివాళ్ళకు పొట్లం కట్టేటప్పుడు ఒక దినుసు ఆపుకోవడం మన కొట్టు అలవాటు. దాన్ని పొడి చేసి, వాళ్ళు వచ్చి అడిగినప్పుడు మన చేత్తో మనమే కలిపిస్తాం, వేరే కొట్లవాళ్ళు మన మందు పసిగట్టకుండా. అమ్మ నాకు బయటివాళ్ళ పొట్లం కట్టింది. బిడ్డను పోగొట్టుకున్న కూతురికి!

మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పింది: "మందుల కొట్టు పిల్లని తెచ్చుకున్నాం గాని, తంగ్‌కుయ్ మాత్రం మేమే కొనుక్కున్నాం." నలుగురూ నవ్వేవాళ్ళు, నేను టీ పోసేదాన్ని. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనని ఆనాడే అనుకున్నాను. తర్వాత ఎలాగూ రెండు ప్రభుత్వాల పోరులో దారి మూసుకుపోయింది, నా పంతానికి శ్రమ లేకుండా పోయింది.

అమ్మకు ఇవేవీ చదివి వినిపించకు. మందు మాత్రం రాసి పంపు.

సోచూ

---

చువాన్‌జౌ
1988 ఫిబ్రవరి 25

ఓసి పిచ్చిదానా,

కొత్త సంవత్సరం రోజుల్లో ఎవరినీ తిట్టకూడదంటారు, అందుకని పండగ వెళ్ళేదాకా ఆగి రాస్తున్నాను. నీ ఉత్తరం నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. అర్థమయ్యాక కొట్లో గల్లా ముందే కూలబడ్డాను.

సోచూ, తంగ్‌కుయ్ అన్న మాటను ఒక్కసారి పైకి అను. మందు పేరుగా కాదు, ఒట్టి మాటగా. "తిరిగి రావాలి." అంతేగా అర్థం? మరి అది తీసేసి కట్టిన పొట్లం ఏమంటుంది?

రావద్దు అంటుంది.

ఇది నీకు తట్టలేదంటే నేనెలా నమ్మేది? దినుసుల పేర్లతో మాట్లాడుకోవడం కొత్తకోడలిగా వచ్చిన నాకు నేర్పిందే నువ్వు. పెద్దవాళ్ళు వింటున్నప్పుడు సొరుగుల చాటున మన కబుర్లన్నీ వేళ్ళతో, ఆకులతోనే కదా. జాతర నాటకానికి పోవద్దని అత్తయ్య అడ్డం నిలబడితే నువ్వేం చేశావు? పాలు పడని బాలింతలకిచ్చే ఆ నల్లటి గింజలు, "రాజు ఆపినా ఆగదు" అని పేరున్నవి, చిటికెడు తీసి ఆవిడ అరచేతిలో పోసి పారిపోయావు. ఆవిడ చీపురు పట్టుకుని వీధి మలుపు దాకా తరిమి, అక్కడ నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఆవిడ ఆ ఆటను మరిచిపోలేదు. మరిచిపోయింది నువ్వు.

ఎందుకు రావద్దందో విను. ఇన్నేళ్ళూ ఈ సంగతి నేనూ అత్తయ్యా తప్ప ఎవరికీ తెలియదు.

ఆ వేసవిలో ఓడిపోయిన సైన్యం రేవు చుట్టూ దిగింది. కనబడ్డ మగవాణ్ణల్లా పట్టుకుని ఓడ ఎక్కిస్తున్నారు. మన కొట్టు ముందుగదిలో ఒక అధికారి, ఆయన సైనికులు మకాం పెట్టారు. మీ అన్నయ్య ఎక్కడున్నాడనుకున్నావు? వాళ్ళ నెత్తిమీదే! అటకమీద, ఎండాకుల గోతాల వెనక. ఆయన ఉబ్బసం దగ్గు నీకు తెలుసు కదా. ఒక్కసారి దగ్గాడా, అయిపోయాడు. అత్తయ్య కషాయం కాచేది, మందులు ఆరబెట్టే వంకతో నేను పైకి చేర్చేదాన్ని. మిగతా పొద్దంతా రోటి దగ్గరే నా పని. దగ్గు వినపడకుండా ఏదో ఒకటి దంచుతూనే ఉండాలి. సరుకు అయిపోయాక ఒట్టి రోలు దంచాను. "మీ కోడలు ఎంత పనిమంతురాలు" అని ఆ అధికారి అత్తయ్యతో అన్నాడు.

ఇంట్లో మగదిక్కేదని అడిగితే అత్తయ్య తడుముకోలేదు. "తైనాన్‌లో చెల్లెలికి పురుడొచ్చింది, చూడ్డానికి వెళ్ళాడు" అంది. ఆ అబద్ధం చెప్పిన వారానికే నీ ఉత్తరం, పడవెక్కి వచ్చేస్తున్నానని. మీ అన్నయ్య అటకమీద చీకట్లో కాగితం కళ్ళకానించుకుని చదివి, గొణుగుతూ చెప్పాడు. నువ్వు వచ్చి ఉంటే గుమ్మంలోనే "అన్నయ్య ఏడీ?" అని అడిగేదానివి. ఆ సైనికుల ఎదుటే. ఆ తర్వాత ఆయన ఉండేవాడు కాదు.

రేవులో ప్రతి ఉత్తరమూ విప్పి చదువుతున్నారు. మందు పొట్లాన్ని ఎవరు చదువుతారు? అత్తయ్య బాలింత మందంతా పోసి, తంగ్‌కుయ్ ఒక్కటీ తీసి పక్కన పెట్టింది. "సోచూకి ఇది చాలు, దానికి తెలుస్తుంది" అంది. నువ్వు రాలేదు. తెలిసిందనే అనుకున్నాం. ఇన్నేళ్ళుగా మీ అమ్మ "మా సోచూ ఎంత తెలివైంది, పొట్లం చూడగానే కనిపెట్టేసింది" అని మురుస్తూనే ఉంది. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను, నీ కూతురు ఉత్తరాన్ని కాచుకుని తాగేసిందని?

లేహుయ్‌కి ఆ మందు ఇప్పుడే ఇచ్చేవు, జాగ్రత్త. అది కాన్పయ్యాక పొయ్యాల్సింది. కడుపుతో ఉన్నప్పుడు తంగ్‌కుయ్ ముట్టనివ్వకు.

ఈ ఉత్తరం చదివి నవ్వుకో, నవ్వుకుని టికెట్టు కొనుక్కో.

బీగ్యోక్ వదిన

---

తైనాన్
1988 మార్చి 20

వదినకు,

ఉత్తరం అందింది. నవ్వుకోమన్నావు, నవ్వు రాలేదు.

నాకు అర్థమైంది ఇది: కొడుకు బతకాలి కాబట్టి కూతురు రాకూడదు. అన్నయ్య బతికినందుకు నేను ఏడుస్తానా? నువ్వు ఆ ఇంటికి రాకముందు నుంచీ ఆయన నాకు అన్నయ్య. కానీ ఆ వేసవిలో అమ్మ తక్కెడ ఎటు మొగ్గిందో నువ్వే వివరంగా రాసి పంపావు. పొట్లం తప్పుగా చదివానన్నావు. పరాయిదాన్నన్నది మాత్రం తప్పు చదవలేదేమో.

రావద్దన్న మాటను అమ్మ ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. నీ మొదటి ఉత్తరం ముందు పెట్టుకుని రాస్తున్నాను. "నిన్ను రమ్మని ఆవిడ అడగలేదు" అన్నది నీ చేతి రాతే. అడగనిచోటికి నేనెందుకు రావాలి?

మందు సంగతి వదిలెయ్యి. లేహుయ్‌ని చూసే డాక్టరమ్మ మంచిదే.

సోచూ

---

చువాన్‌జౌ
1988 ఏప్రిల్ 12

సోచూ,

సమాధుల పండగకి మీ అన్నయ్య దగ్గర గడ్డి పీకి వచ్చాను. ఈసారి కలుపు నడుమెత్తు పెరిగింది. నీ సంగతి ఆయనకు చెప్పాను. ఎప్పట్లాగే ఏమీ అనలేదు.

నీ రెండు ఉత్తరాలూ అత్తయ్యకు చదివి వినిపించాను. వద్దన్నావు, కానీ దాగలేదు. నేను బాగోలేని చోట్లు దాటేసి చదువుతుంటే, "కాగితం నిండా ఉంది, నీ నోట్లో సగమే ఉంది. మిగతాది ఎక్కడ మింగావు?" అని పట్టుకుంది. చెవిలో అరిచి అరిచి అంతా చదివాను. పక్కింటివాళ్ళు కూడా విన్నారు, ఏం చెయ్యను.

"దానికి తెలియలేదా?" అంది. తర్వాత, "అయితే దాని అత్త దెప్పింది కూడా నా వల్లేనా" అని గోడవైపు తిరిగి పడుకుంది. సోచూ, నేను ఈ ఇంటికొచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆ ముసలావిడ ఏడవడం అప్పుడే చూశాను. నాకు నీమీద కోపమొచ్చింది, అది కూడా రాస్తున్నాను.

తెల్లారి తనను కొట్లోకి మొయ్యమంది. పక్కింటి మగవాళ్ళు కుర్చీతో సహా తెచ్చి సొరుగుల ముందు దించారు. మూల సొరుగు తియ్యమంది.

ఆ సొరుగు నీ కాలంలో లేదు కాబట్టి చెప్పాలి. ఏటా కొత్త తంగ్‌కుయ్ సరుకు రాగానే అత్తయ్య అందులోంచి మంచి వేరు ఒకటి ఏరుతుంది. తలా, ఒళ్ళూ, తోకా ఏదీ విరగనిది. దాన్ని ఆ సొరుగులో పెట్టి, పాతదాన్ని తీసేస్తుంది. తంగ్‌కుయ్ ఇట్టే పురుగు పట్టే సరుకు, ఏడాది మించి ఆగదు కదా. ఆ వేరు అమ్మదు. ఎవరికని అడిగితే "అడిగినవాళ్ళకి" అనేది. కొట్టు ఇంకా మాకు తిరిగి రాక, సహకార సంఘం చేతిలో ఉన్న రోజుల్లో గుమస్తాను బతిమాలి ఒక వేరు తెచ్చి దిండులో పెట్టుకుంది. మొక్కు కాబోలు అనుకుని నేను మళ్ళీ అడగలేదు.

ఈ ఏటి వేరు తన చేత్తోనే కాగితంలో చుట్టింది. ముడి ఎంతకీ పడక, నేను చెయ్యి పెడితే కొట్టింది. ముడి వేశాక నాతో అన్నది అన్నట్టు రాస్తున్నాను:

"రమ్మని అడగలేదని రాసింది కదూ. ఏటా అడిగాను. పంపడానికి పడవ లేదు. తక్కెడ అంటోంది, అది కొట్లో పుట్టిన పిల్ల, తక్కెడకు రెండు సిబ్బెలుంటాయని తెలీదూ? అది వస్తే అటకమీద వాడు పోతాడు, వెంట వచ్చే దాని మొగుణ్ణీ ఓడ ఎక్కిస్తారు. ఇద్దరు పిల్లల్నీ ఎక్కడివాళ్ళను అక్కడ ఉంచాను. అది తప్పయితే వచ్చి తిట్టమను. ఎదురుగా నిలబడి గట్టిగా తిట్టాలి, నాకు చెవుడు."

పొట్లం ఈ ఉత్తరంతోనే వస్తోంది.

మందు మాత్రం రాసి పంపను. పంపలేను కూడా. నాకు తెలిసింది చిటికెలు, వాసన, నాలుక మీద పడ్డప్పటి చేదు. ఈ పొయ్యి ముందు నిలబడ్డవాళ్ళకు చెప్పాలన్నదే నియమమట, కోడలా కూతురా అన్నది అందులో లేనే లేదట! అత్తయ్య ఇప్పుడు చెబుతోంది. ఇన్నాళ్ళూ నా ఒక్కదానికే దక్కిందని నేను మురిసిపోయినదంతా ఏమవ్వాలి?

గంజి రెండు గరిటెల నుంచి ఒకటికి దిగింది. నేను ఇంతకంటే రాయను.

బీగ్యోక్

---

తైనాన్
1988 మే 14

వదినా,

పొట్లం అందింది. కాచలేదు.

చేతిలో పట్టుకుని వీధి మందుల కొట్టుకు వెళ్ళాను. అవసరం లేదు, అయినా వెళ్ళాను. ఆనాటి ముసలాయన పోయాడు, కొడుకున్నాడు, వాడూ ముసలాడయ్యాడు. పొట్లం విప్పి చూసి, "వేరు మంచిదమ్మా, ఇంత మంచి సరుకు ఇక్కడికి రాదు. బాలింత మందుకేనా? మిగతా దినుసులు పెట్టడం మరిచిపోయినట్టున్నారు" అన్నాడు.

"ఏమీ మరిచిపోలేదు" అన్నాను. గట్టిగానే అని ఉంటాను, కొట్లో వాళ్ళందరూ తిరిగి చూశారు. మా అత్తగారు కూడా ఉంటే బాగుండేది.

అక్కడ బల్లమీద కూర్చుని ఏడ్చాను వదినా. అరవై ఏళ్ళ మనిషిని, అంతమంది ముందు. ఆయన టీ తెచ్చిచ్చాడు.

నీ కోపం న్యాయమే. ఆనాడు పొట్లంలో ఏముందో చూడకుండా, ఏం లేదో మాత్రమే చూశాను. అది కూడా మా అత్తగారి కళ్ళతో చూశాను. అలాగని అమ్మమీద నా కోపం మొత్తం పోయిందని అబద్ధం రాయను. కాస్త మిగిలింది. తిట్టమంది కదా, దాన్ని వెంట తెస్తున్నాను.

కాగితాలన్నీ అయ్యాయి. జూన్ మొదట్లో హాంకాంగ్ చేరి, అక్కణ్ణుంచి ఓడలో షియామెన్, అక్కణ్ణుంచి బస్సు. లేహుయ్‌కి అయిదో నెల, ఈసారి బిడ్డ తంతోంది. నేను రానని మొరాయిస్తుంటే అదే నన్ను తరిమింది: "పోయి ఆ మందు నేర్చుకునిరా అమ్మా, నాకు కొట్టు మందు వద్దు." సెప్టెంబరుకల్లా నేను తిరిగి రావాలి. అంతవరకు ఆ పొయ్యి ముందు నిలబడతాను, మోకాళ్ళు ఏమన్నా సరే. నువ్వు రుచి చూపించు, నేను నేర్చుకుంటాను. నీకు దక్కింది నీకు పోదులే, మన ఇద్దరికీ చేదు ఒకేలా తెలుస్తుందా ఏమిటి.

బావ దగ్గర మనిషి ముందుగా మీ ఊరు వస్తున్నాడు, ఈ ఉత్తరం వాడి చేత పంపిస్తున్నాను. లోపల చిన్న పొట్లం ఉంది. నల్లటి గుండ్రటి గింజలు, చిటికెడే. కొట్లో అడిగితే, "పాలు పడాల్సింది ఎవరికమ్మా?" అన్నాడు. "మా అమ్మకి" అన్నాను. నాకు మతి పోయిందనుకుని ఉంటాడు.

అవి అమ్మ అరచేతిలో పొయ్యి. ఉత్తరం చదివి వినిపించక్కర్లేదు. చీపురు మాత్రం ఆవిడకు అందేచోట పెట్టు.

సోచూ